సుంగాలో కోనే యజమానురాలు

సుంగాలో కోనే అనే ఆటగాణ్ణి పొగడడానికి మా సెగూ ఊళ్ళో లక్షమంది ఉన్నారు. తిట్టడానికి మాత్రం నేనున్నాను. గొప్పకి చెప్పుకుంటున్నానని అనుకోకండి, అది నా హక్కు. నేను త్రావొరే ఇంటి ఆడపడుచుని, వాడు కోనే ఇంటి బిడ్డ. ఈ రెండు ఇంటిపేర్ల మధ్య తాతముత్తాతల నాటి నుంచీ వేళాకోళపు వరస ఉంది. కోనే ఎదురుపడితే త్రావొరే తిట్టి తీరాలి. తిట్టకుండా వెళ్ళిపోతే, పాపం ఒంట్లో బాగాలేదేమోనని సాయంత్రం ఇంటికొచ్చి పలకరించి పోతారు.

మా లెక్క ప్రకారం కోనేలందరూ బొబ్బర్లు మేసి బొజ్జలు పెంచేవాళ్ళు, మాకు పుట్టు బానిసలు. వాళ్ళ లెక్క ప్రకారం బానిసలం మేము, బొబ్బర్లు మేసేదీ మేమే. ఎవరి లెక్క నిజమో తేల్చిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎన్ని మాటలన్నా కోపం తెచ్చుకోకూడదు, అదొక కట్టు. ఇంకో కట్టు ఉంది, అది నవ్వులాట కాదు. త్రావొరే గనక బాగా తిట్టి, ఆ తిట్ల చివర అరచెయ్యి చాపి ఏదైనా అడిగితే, కోనే కాదనకూడదు. విడిపోయిన మొగుడూ పెళ్ళాలని ఇలాగే కలిపాం. గొడ్డళ్ళదాకా వెళ్ళిన పొలం గట్టు తగాదాలు ఇలాగే తీర్చాం. కాదన్న కోనే ఒక్కడూ లేడు. వాళ్ళు అడిగినప్పుడు మేమూ అంతే.

వాడికి పేరు పెట్టిన రోజున తల్లి తెనిన్ ఒళ్ళోంచి వాణ్ణి లాక్కుని, "మా ఇంట్లో చాకిరీకి మనిషి తక్కువయ్యాడే, వీణ్ణి పట్టుకుపోతున్నా" అని వీధిలోకి నడిచిన దాన్ని నేనే. వాళ్ళ నాన్న వెనకాల పరిగెత్తుకొచ్చి, పిడికెడు బొబ్బర్లు నా కొంగులో పోసి విడిపించుకున్నాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. కాబట్టి వాడికి యజమానురాలు ఎవరని సెగూలో ఎవర్నడిగినా నా పేరే చెబుతారు.

నేను నది ఒడ్డున బట్టలకి రంగులద్దుతాను. నా చేతులు చూస్తే ఆ వారం ఊరివాళ్ళు ఏ రంగు మోజులో ఉన్నారో తెలిసిపోతుంది. మా సుంగాలో బట్టలమిల్లు మైదానంలో ఫుట్‌బాల్ ఆడి, అక్కడి నుంచి రాజధాని బమాకో వెళ్ళి, పక్కదేశంలో అబీజాన్ వెళ్ళి, మంచు కురిసే బెల్జియంలో రెండేళ్ళు వణికి, చివరికి ఫ్రాన్సులో పెద్ద జట్టుకి చేరాడు. ఆ జట్టు చొక్కా ముదురెరుపు. అంతే, ఆ ఏడాది నుంచి నీలం అడిగే నాథుడు లేడు. పెళ్ళికూతురికి ఎరుపు, మంత్రసానికి ఎరుపు, ఇమాంగారి ముగ్గురు పెళ్ళాలకీ ఎరుపే. చావింటికి తెల్లబట్టే కట్టుకెళ్ళాలి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడికీ ఎరుపే అడిగేవాళ్ళు. నా నీలిమందు కుండలు ఎండి పగుళ్ళిచ్చాయి.

వాడి ఆట ఉన్న రోజున ఇమాంగారు ఖుర్ఆన్‌లో చిన్న అధ్యాయాలు వెతుక్కుని చదివేవారు. రొట్టెల పొయ్యి ఆరిపోయేది. గాడిదబండి తోలే సేదూ తన గాడిదకి అవతలి జట్టు గోల్‌కీపర్ పేరు పెట్టి, సుంగాలో గోల్ కొట్టినప్పుడల్లా దాని మెడ నిమిరి ఓదార్చేవాడు. పుట్టిన ప్రతి రెండో మగపిల్లాడూ సుంగాలోయే. నిజానికి ఆ పేరు ఉపవాసాల నెలలో పుట్టినవాడికి పెట్టేది. మా వాడలో మాత్రం ఏ నెలలో పుట్టినా సుంగాలోలే పుట్టారు.

మరి ఊరికే అంత మోజు పడతారా? నేను చూశాను కదా. ఫ్రాన్సులో ఏదో పెద్ద కప్పు ఆట, వాన దంచి కొడుతోంది. పెద్ద బాఫింగ్ ఇంటి వాకిట్లో టీవీ పెట్టారు. ఈ బాఫింగ్ మా వాడకి పెద్ద. బంతి ఆకాశంలోంచి దిగుతోంది. ముగ్గురు తెల్లవాళ్ళు, ఒక్కొక్కడూ తలుపంత ఉన్నాడు, వాడి మీదికి వస్తున్నారు. వీడు బంతిని ఆపలేదు, తన్నలేదు. దాని దారిన దాన్ని పోనిచ్చి, తను మాత్రం అటు తిరిగాడు. ముగ్గురూ వాడు ఉండాల్సిన చోటికి పరిగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు. బంతి పెంపుడు మేకలా వచ్చి వాడి కాలి ముందు నిలబడింది. అప్పుడు వాడు ఆగాడు. అంత పరుగులో, అంత వానలో, అన్ని వేలమంది అరుస్తుంటే, గుమ్మం ముందు నిలబడి ఎవరైనా ఉన్నారా అని చూసే మనిషిలాగ ఆగాడు. గోల్‌కీపర్ ఆ నిలకడ చూడలేక తనంతట తనే కింద పడ్డాడు. అతను పడ్డాక వీడు బంతిని మెల్లగా లోపలికి తోశాడు. తిడదామని నోరు తెరిచాను. "యా అల్లా" అన్న మాట తప్ప ఒక్క ముక్క రాలేదు. అలాంటి మనిషి మా వీధిలో సజ్జ సంకటి తిని పెరిగాడంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

అయితే వాడు పెద్దవాడవుతున్న కొద్దీ వాణ్ణి తిట్టే త్రావొరేలు తగ్గిపోయారు. ఊరికి వచ్చినప్పుడల్లా కారు దిగగానే జనం మీద పడేవాళ్ళు. ఒకరు చొక్కా ముట్టుకుంటే ఒకరు జుట్టు ముట్టుకునేవారు, పిల్లల తల్లులు వాడి అరికాలి కింది మన్ను కొంగున కట్టుకుని పోయేవారు. త్రావొరే ఇంటిపేరున్న పోలీసు అధికారి కూడా మడమలు తాటించి సలాం కొట్టాడు. నేనొక్కదాన్నే గోడ మీంచి "ఒరే బొబ్బర్లమేతగాడా, నా నీళ్ళ కుండలు ఎవడు నింపుతాడ్రా?" అని అరిచేదాన్ని. చిన్నప్పుడైతే "నీ బానిస బతుక్కి కుండ కూడానా ముసలిదానా!" అని ఎదురు తిట్టేవాడు. ఇప్పుడు ఫోటోకి నిలబడ్డట్టు నవ్వి చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇక అసలు సంగతి. మా దేశం ప్రపంచ కప్పుకి ఎన్నడూ వెళ్ళలేదు. ఈసారి ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే చాలు, వెళ్ళినట్టే. అదీ బమాకోలో, మన గడ్డ మీద, ఆదివారం నాడు. పండగే కదా. అలాంటిది, సుంగాలో ముందుగానే సెగూ వచ్చి, తల్లి ఇంట్లో తలుపేసుకుని కూర్చుని, "నేను ఆడను" అన్నాడు.

ఎందుకు ఆడవంటే చెప్పడు. దేశం దేశమంతా గగ్గోలెత్తింది. మంత్రి వచ్చాడు. కోచ్ వచ్చి ఆ ఇంటి ముందు మట్టిలో కూలబడ్డాడు. ఇమాములొచ్చారు. భట్రాజులొచ్చి వాడి ఏడు తరాల పూర్వీకులని గుర్రాలెక్కించి పాడారు. వాడు అందరికీ టీ ఇప్పించి, మర్యాదగా కాదన్నాడు. అప్పుడెవరికో బమాకోలో బుర్ర వెలిగింది. కోనేని కదిలించాలంటే త్రావొరే కావాలి కదా! ఇంకేం, ఒక బస్సునిండా త్రావొరేలని ఏరి పంపారు. కల్నల్ త్రావొరే, బ్యాంకు త్రావొరే, రేడియోలో వార్తలు చదివే త్రావొరే.

అక్కడే పప్పులో కాలేశారు. ఇస్త్రీ బట్టల్లో వరసగా కూర్చుని, మర్యాదకిచ్చే కోలా కాయలు పళ్ళెంలో పెట్టి, కల్నల్ గారు గొంతు సవరించుకుని ఏమన్నాడో తెలుసా? "తమరు దయచేసి మా మనవి ఆలకించాలి" అన్నాడు. ఛీ! కోనేని పట్టుకుని తమరు! అంత పేరున్నవాణ్ణి ఎదురుగా చూసేసరికి ఒక్కడికీ నోట్లో తిట్టు పుట్టలేదు. తిట్టనివాడు అడిగితే అది మామూలు అడగడమే, దానికి కట్టు లేదు. వాడు మర్యాదగా విని, మర్యాదగా కాదన్నాడు. బస్సు బస్సంతా వాడిన మొహాలతో బయటికొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు కాగానే పెద్ద బాఫింగ్ నది ఒడ్డుకి నా దగ్గరికి వచ్చాడు. వెనకాల కల్నల్, ఆ వెనకాల సగం ఊరు.

"సితాన్ అవ్వా, ఇంక నువ్వే దిక్కు" అన్నాడు బాఫింగ్.

"ఇన్నాళ్ళూ నేను గుర్తు రాలేదా? సూటూ బూటూ లేదనా?"

"నీ కాళ్ళు పట్టుకుంటా, ఎత్తిపొడుపులు తర్వాత. ఆదివారం రెండ్రోజుల్లో ఉంది. నువ్వు అడిగితే కాదనలేడు. వాడు ఆడతాడు, మనం గెలుస్తాం. నీ మనవలు కూడా చెప్పుకుంటారు, మా అవ్వే పంపిందని."

అబద్ధమెందుకు, ఆ మాటకి నా గుండె పొంగింది. వాణ్ణి టీవీలో కాకుండా మన దేశం చొక్కాలో మన గడ్డ మీద చూడాలని నాకెంత ఆశో నాకే తెలుసు. రంగు చేతులు కడుక్కుని, కొంగు బిగించి బయల్దేరాను.

ఆ వీధి నిండా జనం. గోడల మీద జనం, వేపచెట్ల మీద జనం. నన్ను చూడగానే "సితాన్ అవ్వ వచ్చింది! యజమానురాలొచ్చింది!" అని దారిచ్చారు. లోపల వాకిట్లో తెనిన్ కూర్చుని సజ్జలు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది.

"నువ్వు రావనుకున్నానక్కా" అంది.

ఆ మాట ఏదోలా తగిలింది గానీ, ఆగలేదు. తెర తోసుకుని గదిలోకి వెళ్ళాను. సుంగాలో మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళ మీద దుప్పటి ఉంది.

"ఏరా బొబ్బర్ల బొజ్జగా!" అని మొదలెట్టాను. "యజమానురాలు గుమ్మంలో నిలబడితే లేవడం కూడా మర్చిపోయావట్రా? ఆ తెల్లవాళ్ళు నీకు నేర్పిన మర్యాద ఇదేనా? నీ తాత నా తాత గుర్రానికి గడ్డి కోసినవాడు, నువ్వేమో మంత్రులకి టీ పోయిస్తున్నావు! ఆ టీ పొడి ఎవడి సొమ్మనుకున్నావురా? నా సొమ్ము! నువ్వూ నా సొమ్మే!"

వాడి మొహం విచ్చుకుంది. ఎండిపోయిన మొక్కకి నీళ్ళు పోసినట్టనిపించింది నాకు. "వచ్చావా ముసలమ్మా" అన్నాడు. "ఇన్నాళ్ళకి నోరున్న మనిషొచ్చింది."

"ముందు లే."

"కూర్చునే మాట్లాడుకుందాం."

"లేవరా అంటే!"

వాడు దుప్పటి తీశాడు. రెండు చేతులూ మంచానికి ఆనించాడు. తర్వాత ఒక చెయ్యి గోడకి ఆనించాడు. పళ్ళు బిగించాడు. నేను కాన్పు మంచాల మీద ఆడవాళ్ళని చూశాను, నొప్పి ఎలా ఉంటుందో నాకొకరు చెప్పక్కర్లేదు. కుడి మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. దాని చుట్టూ పాత కోతల మచ్చలు. ముగ్గురు తెల్లవాళ్ళని గాలిలో వదిలేసిన ఆ కాలు, గడపంత ఎత్తు కూడా లేవలేక నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. 

"కూర్చో నాయనా, కూర్చో" అన్నాను. కూర్చోవడానికి కూడా అంతసేపూ పట్టింది. "ఎప్పట్నించిరా ఇది?"

"రెండేళ్ళ నుంచి. మోకాలి గుజ్జు అరిగిపోయిందట. సూదులు పొడిపించుకుని ఆడుతున్నా."

"మరి ఆ ముక్క చెప్పి చావొచ్చు కదరా! బయట అందరూ నిన్ను పొగరుబోతంటున్నారు."

"అననీ. పొగరుబోతని తిట్టుకుంటే కొన్నాళ్ళకి మర్చిపోతారు. కాలు పోయిందంటే ఏడుస్తారు. ఆ వీధిలో నిలబడ్డవాళ్ళని చూశావుగా? పనిలేనివాడు, పంట పోయినవాడు, అందరూ ఈ కాళ్ళని తలుచుకునే పొద్దున లేస్తున్నారు. ఇవి లేవురా అని ఏ నోటితో చెప్పను?"

 నా నాలుక దానంతట అదే కదిలింది. "ఒక్క మ్యాచ్ అయితే ఆడగలవా?" అన్నాను.

వాడు తల ఎత్తాడు. ఆ కళ్ళలో అంత ఆశ చూస్తాననుకోలేదు. "ఆడగలను. సూది వేస్తే ఆట అయ్యేదాకా నొప్పి తెలీదు. గెలిపించగలను కూడా, ఒట్టు. ఆ తర్వాత ఇంక నడక ఉండదన్నాడు డాక్టరు."

"అంటే?"

"నడక ఉండదంటే ఉండదు. కుర్చీయే." చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకున్నాడు. "అడుగు ముసలమ్మా. అమ్మ వద్దని ఏడ్చింది, తన పాల మీద ఒట్టు పెట్టింది. నా అంతట నేను వెళ్తే ఆ ఒట్టు తప్పినవాణ్ణవుతాను. నువ్వడిగితే తప్పు నాది కాదు, ఒట్టు కూడా నిలవదు. అమ్మ కూడా నోరెత్తలేదు. ఆ కల్నల్ వచ్చినప్పుడు ఎంత ఎదురుచూశానో! ఒక్క తిట్టు తిట్టి అడిగితే చాలు, లేచి వెళ్ళిపోదామని కూర్చున్నా. ఒక్కడికీ నోరు పెగల్లేదు. నీకు పెగుల్తుంది. చెయ్యి చాపు. అడుగు."

గుమ్మం అవతల చేట చప్పుడు లేదు. తెనిన్ వింటోంది. మా వరసలో మూడో మనిషి మాట్లాడకూడదు, తల్లయినా సరే. బయట జనం పాట అందుకున్నారు, వాడి పేరు పెట్టి. గోడలు అదురుతున్నాయి. నా లోపల కూడా అదే పాట. ఒక్క మాటంటే చాలు, దేశం గెలుస్తుంది. వాడికీ అదే కావాలి. నాకూ అదే కావాలి. వద్దనేవాళ్ళు ఈ లోకంలో ఒక్క తల్లి తప్ప ఎవరూ లేరు, ఆమె నోరు కట్టేసి ఉంది. నా జన్మలో నాకంత బలం ఎన్నడూ లేదు, అంత భయమూ వెయ్యలేదు.

చెయ్యి చాపాను. వాడి మొహం వెలిగిపోయింది.

"ఒరే సుంగాలో, నా పుట్టు బానిసా! నువ్వు నా సొమ్మువైతే నీ కాళ్ళూ నా సొమ్మే. ఇన్నాళ్ళూ అరువిచ్చాను. ఇప్పుడు నా కాళ్ళు నాకిచ్చెయ్యి."

వాడికి అర్థం కాలేదు. "ఇస్తా. ఆదివారం ఆడి ఇస్తా" అన్నాడు.

"ఇప్పుడే ఇయ్యాలి. ఈ రోజు నుంచి ఆ కాళ్ళతో మసీదుకి నడు, మీ అమ్మ వెంట సంతకి నడు. పరిగెత్తడానికి మాత్రం వీల్లేదు. ఆడడానికి అసలే వీల్లేదు. నా కాళ్ళు, నా ఇష్టం."

వాడు నా చెయ్యి విసిరికొట్టాడు. "నువ్వా? నువ్వు కూడానా?" అని అరిచాడు. "ఎవరే నువ్వు నాకు చెప్పడానికి? రంగు కుండల ముసలిదానివి, నీకేం తెలుసు! ఈ మ్యాచ్ కోసం నేను పుట్టాను! పో బయటికి!"

త్రావొరే మీద కోనే కోపంతో అరవడం నేనెన్నడూ వినలేదు. మా అమ్మ వినలేదు, దాని అమ్మ వినలేదు. బయట చేట కింద పడి సజ్జలు చెదిరిన చప్పుడైంది.  అయినా నేను మళ్ళీ చెయ్యి చాపాను. చాపి అలాగే ఉంచాను. వాడు గోడ వైపు తిరిగాడు, దిండుని గుద్దాడు, అల్లా ఎదురుగా ఉన్నట్టు పైకి చూసి ఏదో అన్నాడు. నా చెయ్యి లాగేస్తోంది. దించలేదు. దించితే తిరిగి చాపే ధైర్యం నాకుండదని తెలుసు.

చాలాసేపటికి వాడు ఇటు తిరిగాడు. తన అరచెయ్యి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. "తీసుకో" అన్నాడు. అంత మనిషి నా భుజం మీద తల పెట్టి, గుక్క పట్టి ఏడ్చాడు.

బయటికి వచ్చాను. పాట ఆగింది.

"అడిగావా?" అన్నాడు బాఫింగ్.

"అడిగాను."

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

అంతే, ఆ తర్వాత మాట వింటేగా! డప్పులు మోగాయి. కల్నల్ తన టోపీ గాల్లోకి విసిరాడు. ఎవరో నన్ను ఎత్తుకున్నారు కూడా. దింపండ్రా, దింపండి అని గొంతు చించుకుని, వాళ్ళ నెత్తుల మీద కొట్టి, ఎలాగో గోడ అరుగు మీద నిలబడ్డాను.

"వినండి! వాడు తన కాళ్ళు నాకిచ్చాడు. ఇంక అవి నావి. నా కాళ్ళు ఆదివారం ఆడవు!"

ఒక్క క్షణం ఎవరికీ బుర్రకెక్కలేదు. ఎక్కాక ఆ వీధిలో గాలి మారిపోయింది.

"ఏం కూశావ్?" అన్నాడు బాఫింగ్.

"కల్నల్ గారూ, ఈ ముసల్దానికి అవతలి జట్టు వాళ్ళు డబ్బులిచ్చుంటారు!" అని అరిచాడు ఒకడు.

"దేశద్రోహి!"

"ఎందుకు ఆడడో చెప్పు! చెప్పవే!"

చెప్పలేదు. ఆ మోకాలు వాడి గుట్టు, నాకు కాళ్ళిచ్చాడు గానీ గుట్టు బయటపెట్టమని చెప్పలేదు. "నా బానిస, నా ఇష్టం" అన్నాను. ఇంకొకప్పుడైతే ఆ మాటకి వీధి వీధంతా నవ్వేది. ఆ రోజు ఒక్కడూ నవ్వలేదు. ఒక చెప్పు వచ్చి నా భుజానికి తగిలింది. నా ఎరుపు గుడ్డలు కొని కట్టుకున్న ఆడవాళ్ళే నా మొహాన మట్టి కొట్టారు. కల్నల్ అడ్డం వస్తున్నాడు గానీ ఎవరూ ఆగేలా లేరు.

అప్పుడు నా వెనకాల తలుపు తెరుచుకుంది.

సుంగాలో గుమ్మంలో నిలబడ్డాడు. తెనిన్ పక్కనుంది, వాడు ఆమెని పట్టుకోలేదు. గడప దాటాడు. ఎడమకాలు వేశాడు, కుడికాలు ఈడ్చాడు. మళ్ళీ ఎడమకాలు, మళ్ళీ ఈడుపు. వాకిలి మొత్తం అలాగే నడిచాడు. ఎండ నిలువునా కొడుతోంది, దాచుకోవడానికి చారెడు నీడ లేదు. మోకాలి పైదాకా పైజామా మడిచే ఉంది, అందరూ చూశారు. ఆ మనిషి గాల్లో తేలడం చూసినవాళ్ళే అందరూ.  ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. వేపచెట్టు మీదవాళ్ళు ఒక్కొక్కరూ మెల్లగా దిగిపోయారు, అంత ఎత్తునుంచి ఆ నడక చూడకూడదన్నట్టు.

వాడు నా దగ్గరికి వచ్చి, జనమంతా వినేలా గొంతెత్తాడు. "ఏమే బొబ్బర్ల ముసలిదానా! అరుగెక్కి ఉపన్యాసాలిస్తున్నావా? నా బానిసవి, నీకంత నోరెక్కడిదే? దిగు, మీ ఇంటికి పద. నాకాకలేస్తోంది."

ఎన్నేళ్ళయిందో వాడు నన్ను తిట్టి! దిగాను. వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు, ఇంక మోయలేను బాబోయ్ అన్నంత బరువు. ఎప్పుడూ వాణ్ణి ముట్టుకోవాలని మీద పడే జనం, ఆ రోజు రెండు వైపులా వెనక్కి జరిగారు. ఒక్కరూ చెయ్యి చాపలేదు. మేం దాటుతుంటే మగవాళ్ళు టోపీలు తీశారు. నా మీద మట్టి కొట్టినావిడ తన కొంగుతో నా మొహం తుడిచి, మాట్లాడకుండా పక్కకి తప్పుకుంది. వాడు వేసిన గోల్స్ అన్నీ చూశాను నేను. ఒక్కటీ ఆ నడకకి సాటి రాదు. మా ఇంటిదాకా వాడు ఎక్కడా ఆగలేదు. నేనే ఆగాల్సి వచ్చింది, కళ్ళు తుడుచుకోవడానికి.

ఆదివారం మా వాకిట్లోనే టీవీ పెట్టారు. వాడ వాడంతా వచ్చింది. వాణ్ణి మధ్యలో చాప మీద కూర్చోబెట్టి, కాలు కింద దిండు పెట్టాను. ఒకటీ ఒకటీ సమానం. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా మావాళ్ళలో ఒకణ్ణి అవతలివాడు పడేశాడు. రిఫరీ ఈల ఊది, బంతి పెట్టే చోటు చూపించాడు. గోల్‌కి కొంచెం ఎడంగా, సరిగ్గా సుంగాలో తన్నే చోటు. అక్కణ్ణించి వాడు తప్పడం ఎవరూ చూడలేదు. వాకిట్లో ఉన్న ప్రతి తలా టీవీ వైపు నుంచి వాడి వైపు తిరిగింది. వాడు మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. 

టీవీలో కొత్త కుర్రాడెవరో నాలుగడుగులు వెనక్కి వేశాడు. చాప మీద సుంగాలో కుడి పాదం తనంతట తనే కదిలింది. మడమ లేచింది, వేళ్ళు వంగాయి, పాదం నేల మీద గట్టిగా ఊనుకుంది.

నేను చటుక్కున వంగి ఆ పాదం మీద అరచెయ్యి వేశాను. నా చేతికి ఇంకా ఎరుపు ఉంది. ఆ పాదం నా చెయ్యి కింద పక్షిలా కొట్టుకుంటోంది. "నాదిరా" అన్నాను, వాడికి మాత్రమే వినపడేలా. వాడు తల ఊపాడు. కుర్రాడు తన్నాడు, బంతి ఎటుపోయిందో నేను చూడలేదు. ఆట అయిపోయి అందరూ లేచేదాకా ఆ పాదాన్ని అలాగే అదిమిపట్టుకుని కూర్చున్నాను.